పిడుగు ఆగిన చోట

ఆ పాట మీరు వినే ఉంటారు. "ఆగమంటే ఆగుతామా" అని పాడే ఆవిడ గొంతు చించుకోగానే పాట మొత్తం ఠక్కున ఆగిపోతుంది. కాసేపు చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆపైన డ్రమ్స్ విరుచుకుపడతాయి. అబ్బ, ఎంత ఆలోచించి కట్టారో అని సంగీతం తెలిసినవాళ్ళు తలలూపారు. ఆలోచనా లేదు, గాడిదగుడ్డూ లేదు. అది పిడుగు చేసిన తప్పు.

పిడుగంటే ఆ బ్యాండులో డ్రమ్స్ వాయించే పిల్ల. పగలంతా కార్ఖానాలో అట్టపెట్టెలు మడిచేది. పని దిగాక అక్కడే, గోడల్లా పేర్చిన పెట్టెల మధ్య, నలుగురూ సాధనకు చేరేవారు. చప్పుడంతా ఆ అట్టలే మింగేసేవి. పాడుతూ గిటారు వాయించేది పిడుగు వదిన. బస్సు కండక్టరు కదా, మైకు లేకపోయినా ఆమె గొంతు చివరి సీటు దాకా వెళ్తుంది. బేస్ గిటారు పిడుగు పిన్నిది. పళ్ళ డాక్టరు దగ్గర రోజంతా అందరి నోళ్ళూ తెరిపించి, తను మాత్రం నోరు విప్పని మనిషి. కీబోర్డు ముందు లెక్కల టీచరు.

ఈ టీచరుగారు పెట్టిన రూలు ఒకటుంది. వాయిస్తూ ఎవరు తప్పు చేసినా, ఆ తప్పునే అందరూ కలిసి మూడుసార్లు వాయించాలి. "తప్పును తరిమితే మళ్ళీ వస్తుంది. కూర్చోబెట్టి మొహం చూస్తే సిగ్గుపడి పోతుంది" అనేది. తిక్క రూలే. కానీ వాళ్ళకు అన్నం కలుపుకున్నంత అలవాటైపోయింది.

రికార్డింగు రోజున పిడుగు చేతులు మాట వినలేదు. ఉత్సాహం పట్టలేక ప్రతిసారీ పాటను పరుగెత్తించింది. అద్దం వెనక గదిలోంచి రికార్డింగాయన విసుగ్గా బయటికొచ్చాడు.

"ఇదే ఆఖరుసారి. ఈసారీ కుదరకపోతే డ్రమ్స్ కంప్యూటర్లో పెట్టేస్తా."

"మా ఆడపడుచు లేకుండా మా పాటేంటండీ?" అంది వదిన.

"పాటకి చుట్టరికాలు తెలీవమ్మా."

వదిన తల దించుకుని గిటారు తీగలు సవరించుకుంది. రోజూ బస్సునిండా జనాన్ని అదిలించే మనిషే తగ్గడం చూసి పిడుగుకు ఆశ పోయింది. పాట బయటికొస్తుంది, ఊరంతా వింటుంది, అందులో తను మాత్రం ఉండదు. ఆ మాట తలుచుకుంటేనే ఏడుపు తన్నుకొచ్చింది.

ఆఖరుసారి మొదలైంది. ఆహా, ఏం వాయించిందండీ! పరుగు లేదు, తడబాటు లేదు. పిన్ని బేసు కిందనుంచి ఎత్తుకుంటోంది, టీచరు వేళ్ళు ఎగురుతున్నాయి, వదిన కళ్ళు మూసుకుని "ఆగమంటే ఆగుతామా" అని అందుకుంది. సరిగ్గా అప్పుడు పిడుగు తలెత్తింది. అద్దం వెనక రికార్డింగాయన చెయ్యి మీటల వైపు వెళ్తోంది. అయిపోయింది, ఆపేస్తున్నాడు అనుకుంది. కర్రలు గాల్లోనే నిలిచిపోయాయి.

ఆమెతోపాటు ముగ్గురూ ఆగిపోయారు. ఒక్క తీగ కూడా మోగకుండా, కత్తెరతో కత్తిరించినట్టు!

పాపం, ఆయన టీ కప్పు కోసం చెయ్యి చాచాడు.

"తప్పు! మళ్ళీ!" అని అరిచింది టీచరు అలవాటుకొద్దీ. ఎక్కడున్నారో, ఏ రోజో మరిచిపోయి నలుగురూ ఆ తప్పునే వాయించారు. ఆగమంటే ఆగుతామా అంటూ ఆగిపోయారు. మళ్ళీ దూకారు, మళ్ళీ ఆగారు. మూడోసారికి వదిన పాడలేక పగలబడి నవ్వుతోంది, టీచరు కీబోర్డు మీద వాలిపోయింది.

నవ్వు తగ్గాక పిడుగు కర్రలు కిందపెట్టింది.

"ఆడలేక మద్దెల ఓడంటారు. ఇక్కడ మద్దెలే ఓడు. కంప్యూటరుతోనే కానివ్వు వదినా."

వదిన నోరు తెరిచేలోపు పిన్ని లేచింది. నోట్లో నాలుక లేదనుకున్న పిన్ని తిన్నగా అద్దం దగ్గరికెళ్ళి వేలితో టకటకా కొట్టింది.

"ఏవండీ! మేం చూసేది దీని చేతుల్నే. ఇది లేకపోతే మాకు ఆగడం కూడా చేతకాదు. పెట్టుకోండి మీ కంప్యూటరు, మేం పోతాం."

రికార్డింగాయన తలుపు తీసుకుని పరుగున వచ్చాడు.

"కంప్యూటరు సంగతి తర్వాత! ఇందాక ఆగారే, అట్లా ఇంకోసారి ఆగండమ్మా. వొళ్ళు జల్లుమంది!"

ఆ ఆగడంతోనే పాట బయటికొచ్చింది. మొదట పిల్లల ఫోన్లలో, ఆ తర్వాత బస్సుల్లో, చివరికి పళ్ళ డాక్టరు గదిలో కూడా మోగింది. పెద్ద హాల్లో పాడమని పిలుపొచ్చింది. తెర తీసేసరికి ఇసుక వేస్తే రాలనంత జనం!  పిడుగు చేతులు ఆగలేక ఎగిరి గంతేస్తున్నాయి.

వదినను పాడనిస్తేగా! "ఆగమంటే ఆగుతామా" అని హాల్లో జనమే అరిచేశారు. పిడుగు ఆగింది.

హాలూ ఆగింది. అంతమంది, చేతులు పైకెత్తి, నోళ్ళు సగం తెరిచి, పిడుగు వైపే చూస్తున్నారు. ఆమె కొడితే తప్ప ఇక్కడ ఎవరూ కదలరు. ఆ సంగతి తెలియగానే పిడుగుకు ఒళ్ళంతా నవ్వొచ్చింది. కొట్టాల్సిన చోటు వచ్చింది, దాటిపోయింది. కొట్టలేదు.

వదిన కంగారుగా వెనక్కి తిరిగింది. "కొట్టవే!"

"ఉండు వదినా," అంది పిడుగు, "ఇంకొంచెం చూడనీ."