అమ్మ ల్యాప్‌టాప్‌లో ఏముందని

ఆ ఆదివారం ఇంట్లో ఐదుగురం ఉన్నాం. నాన్న హాల్లో సోఫా మీద, సర్వే చేసొచ్చిన పొలాల పటాలు ఒళ్లో పరుచుకుని. అన్నయ్య తన గదిలో, పదకొండు దాటినా దుప్పటిలోనే. నానమ్మ కిటికీ పక్క కుర్చీలో, మోకాళ్ల నొప్పులకు ఎవరో చెబుతున్న చిట్కాలు ఫోన్‌లో వింటూ. అమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర. నేను అమ్మ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, వేడి తగ్గని చొక్కాలు మడత పెడుతున్నాను.

అమ్మ ఫోన్ మోగింది. మెసేజ్. అమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె ఉందని నేనే చదివాను. "మీ యాంటీవైరస్ సబ్‌స్క్రిప్షన్ ఈ రోజుతో ముగుస్తోంది. మీ ఐదు పరికరాల రక్షణ కొనసాగాలంటే ఇక్కడ నొక్కండి."

"నొక్కెయ్," అన్నాడు నాన్న పటం మీంచి తల ఎత్తకుండానే. "ఓటీపీ నీకే వస్తుంది."

మూడేళ్ల క్రితం ఆ ప్యాక్ తీసుకున్నప్పుడు కంపెనీవాళ్లు ఒక ఫోన్ నంబరు అడిగారు. "నాకు రోజుకి వంద మెసేజ్‌లొస్తాయి. నీకేం పని, నీ నంబరిద్దాం," అని నాన్న అమ్మ నంబరిచ్చాడు. పేరు కూడా అమ్మదే రాశాడు. అప్పటి నుంచి ప్రతి ఉదయం అమ్మ పొయ్యి దగ్గర ఉండగా ఫోన్ టింగుమని, "మీ పరికరాలన్నీ సురక్షితంగా ఉన్నాయి" అని చెబుతుంది. అమ్మ చెయ్యి తుడుచుకుని చూసి, "సంతోషం" అని మళ్లీ పనిలో పడుతుంది. ఆ పరికరాల్లో అమ్మది ఒక్కటీ లేదు. నాన్నవి రెండు, అన్నయ్యవి రెండు, నానమ్మ ఫోను. అవి ఐదు.

అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. గొంతు సవరించుకుంది. ఇంట్లో ఏదైనా అడగడానికి ముందు అమ్మ అలాగే చేస్తుంది.

"ఈసారి నా ల్యాప్‌టాప్ కూడా అందులో వేయండి."

నాన్న తల ఎత్తాడు. కోపంగా ఏమీ కాదు, ముద్దుగానే నవ్వాడు. "నీ దాంట్లో ఏముందని పోతుంది?"

నానమ్మ కూడా నవ్వింది. "కూరల ఫొటోలు ఎత్తుకుపోతారేమో లేరా," అంది. అమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే చిన్న మాటకే మొహం మాడ్చుకుందంటారు. నేను మాత్రం చొక్కా గుండీలు పెడుతూ ఆ మాట గురించే ఆలోచించాను. అమ్మ దాంట్లో ఏముంది? ఆ ల్యాప్‌టాప్ పిన్ని వాడేసి ఇచ్చింది. దానిలో రెండు మీటలు గట్టిగా నొక్కితే తప్ప పడవు. అమ్మ పెళ్లికి ముందు టైపు పరీక్షలు రెండూ ప్యాసయింది. పద్దెనిమిదేళ్ల తర్వాత, నాలుగు నెలలుగా, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు ఆ రెండు మీటలతో కుస్తీ పడుతూ మళ్లీ వేళ్లు తిప్పడం నేర్చుకుంది. పోయిన వారం ఒక ఆసుపత్రివాళ్లు పెట్టిన పరీక్షలో నెగ్గింది. డాక్టర్లు రోగిని చూశాక చెప్పే మాటలు రికార్డవుతాయి. వాటిని విని తప్పుల్లేకుండా టైపు చేయాలి. ఇంట్లో కూర్చునే చేయొచ్చు. వాళ్లు పంపిన ఉత్తరంలో ఒక షరతు ఉంది, కంప్యూటర్‌కి వైరస్ రక్షణ ఉండాలని. అది కనుక్కోవడానికే పన్నెండింటికి అక్కడి మేడమ్ ఫోన్ చేస్తుంది. లేదని తేలితే పని ఇంకొకరికి వెళ్తుంది. ఇది నాన్నకూ తెలుసు. తెలిసి మరిచిపోయాడు.

ఇక ఫోన్ సంగతి. నాన్న బ్యాంకు ఖాతా, అన్నయ్య కాలేజీ లాగిన్, నానమ్మ మందుల చీటీలు, గ్యాస్ బుకింగ్, నా హాల్‌టికెట్, ఎవరి పాస్‌వర్డ్ ఏంటన్నది, అన్నీ అమ్మ ఫోన్‌లోనే. ఏ గదిలోంచి ఎవరు కేకేసినా అమ్మ చెప్పాలి. దొంగ తెలివైనవాడైతే ఈ ఇంట్లో మిగతా ఐదూ వదిలేసి, అద్దం పగిలిన ఆ ఒక్క ఫోను పట్టుకుపోతాడు.

"పని కోసమండీ," అంది అమ్మ. "పన్నెండింటికి ఫోన్ చేస్తారని చెప్పాగా."

"అరె, అవును కదూ." నాన్న తల గోక్కున్నాడు. "కానీ మన ప్యాక్ ఐదింటికేగా. ఆరోది పట్టదు."

ఆ మాటలకు అన్నయ్య దుప్పటి కప్పుకునే బయటికొచ్చాడు. "అసలా ప్యాకే దండగ నాన్నా. కంప్యూటర్‌తో పాటు వచ్చేది ఒకటుంటుంది. దాన్ని ఆపకుండా ఉంచుకుంటే చాలు."

"ఫ్రీగా వచ్చేది ఏం కాపలా కాస్తుందిరా? డబ్బు పెట్టి కొన్నదే నమ్మకం."

అమ్మ నాన్న వైపు చూసింది. ఇస్త్రీపెట్టె అందుకుని నాన్న చొక్కా కాలరు మీద కాస్త ఎక్కువసేపే ఆనించింది. మాడలేదు కానీ ఆవిరి బాగా లేచింది.

అప్పుడు నేను మాట్లాడాను. పెద్దవాళ్ల మాటల్లో నేను దూరను. బళ్లో కూడా జవాబు తెలిసినా చెయ్యెత్తను. ఆ రోజు మాత్రం, "నానమ్మ పాత ఫోన్ బీరువాలో ఉంది కదా నాన్నా," అన్నాను.

"ఉంటే?"

"బకెట్లో పడి చచ్చిపోయింది. కొత్త ఫోన్‌కి మనం ఏమీ వేయలేదు. లిస్టులో ఉన్నది ఆ పాతదే."

నాన్న అమ్మ ఫోన్ తీసుకుని లిస్టు తెరిచాడు. నేను చెప్పింది నిజమే. రెండేళ్లుగా మేము చచ్చిన ఫోన్‌కి కాపలా పెట్టుకున్నాం. అంతేకాదు, అన్నయ్య పాత ల్యాప్‌టాప్ కూడా ఉంది. దాన్ని అన్నయ్య తన క్లాసువాడికి అమ్మేశాడు.

"వాడెవడో హాయిగా ఉన్నాడన్నమాట మన ఖర్చుతో," అన్నాడు నాన్న.

"మంచివాడు నాన్నా," అన్నాడు అన్నయ్య. "పరీక్షల్లో నాకు నోట్సిస్తాడు."

నానమ్మ పకపకా నవ్వింది. "ఇల్లాలికి లేదు గానీ ఊళ్లోవాళ్లకి ఉందట. బావుంది వరస." నానమ్మ ఏ పక్షాన మాట్లాడుతుందో ఎప్పుడూ చెప్పలేం.

"అయితే రెండు ఖాళీలు," అన్నాడు నాన్న హుషారుగా. "ఒకటి మా అమ్మ కొత్త ఫోన్‌కి..."

"ఎలాగూ కడుతున్నాం కాబట్టి ఇంకోటి నా ట్యాబ్‌కి," అన్నాడు దండగన్నవాడే.

నేను అమ్మ మొహం చూడలేకపోయాను. కోపం వచ్చుంటే బావుండేది. అమ్మ చొక్కా మడత పెట్టి, గుట్ట మీద ఉంచి, చేత్తో రెండుసార్లు సర్దింది, అంతే. అంతలో నాన్న చేతిలో ఉన్న అమ్మ ఫోన్ మోగింది. ఆ ఫోన్‌లో చెవి దగ్గర వినిపించదు, స్పీకర్ పెట్టాల్సిందే. కాబట్టి మేడమ్ మాటలు మేమందరం విన్నాం.

"టైపింగ్ చాలా శుభ్రంగా ఉందమ్మా. మీ కంప్యూటర్ ఎవరెవరు వాడతారు?"

"మా అమ్మాయి పాఠాలు చూసుకుంటుంది మేడమ్. మావాడు అప్పుడప్పుడు సినిమా."

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

అమ్మ మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూసింది. "అందరికీ."

"వైరస్ రక్షణ?"

"కొన్నది లేదు మేడమ్," అంది అమ్మ. గొంతు చిన్నదైపోయింది. "ప్యాక్ ఐదింటికే వస్తుంది."

"కొననక్కర్లేదమ్మా. కంప్యూటర్‌తో వచ్చింది ఆన్‌లో ఉంచి, అప్‌డేట్లు వాయిదా వేయకుండా చేసుకుంటే మాకు చాలు. నాకు కావాల్సింది వేరే. మీకంటూ వేరే పాస్‌వర్డ్, అది ఇంకెవరికీ తెలియకూడదు. రోగుల విషయాలు కదా, ఎవరూ వినకుండా, చూడకుండా కూర్చునే చోటు. అలాంటి గది ఉందా మీకు?"

మాకున్నవి మూడు గదులు. ఒకటి అన్నయ్యది, ఒకటి నాన్న పటాలది, అమ్మ అందులో పడుకుంటుంది. హాల్లో నానమ్మా నేనూ. ఇంకోటి ఉంది కానీ దాన్ని మేము గదులలో లెక్కవేయం, ఉతికిన బట్టలు, బియ్యం బస్తా, పాత పరుపు పడేసే కొట్టు. నాన్న నోరు తెరిచాడు. ఏం చెప్పబోయాడో తెలియదు.

"ఉంది మేడమ్," అంది అమ్మ.

"అయితే ఒంటిగంటకి ఒక రికార్డింగ్ పంపిస్తాను. రెండింటికల్లా నాకు రావాలి. ఈ రోజు ఒక్కటి చూసి రేపటి నుంచి రోజూ ఇస్తాను."

ఫోన్ పెట్టేశాక అమ్మ నాన్న చేతిలోంచి తన ఫోన్ తీసుకుంది. ఇంకా ఆ ప్యాక్ పేజీయే తెరిచి ఉంది. "కొనసాగించు" అన్నది పెద్ద అక్షరాల్లో ఆకుపచ్చగా ఉంది. కింద సన్నగా, కనిపించీ కనిపించనట్టు, "రద్దు". అమ్మ కళ్లు చికిలించి దాన్ని వెతికి నొక్కింది. ఓటీపీ వచ్చింది. అది కూడా కొట్టింది.

"మరి నా ల్యాప్‌టాప్?" అన్నాడు నాన్న. "పొలాల కొలతలన్నీ అందులోనే ఉన్నాయే."

"దాంతో వచ్చింది అందులో ఉంది. అప్‌డేట్ అడిగినప్పుడల్లా 'తర్వాత' అని నొక్కకండి. ఆ కొలతలు ఇంకోచోట దాచుకోండి. అంతకీ ప్యాక్ కావాలనిపిస్తే మీ నంబరు మీద తీసుకోండి. పొద్దున్నే ఆ మెసేజ్ మీకు రానివ్వండి."

గొంతు పెంచలేదు. నాన్న లేచి, కొట్టులోకి వెళ్లి, ఇస్త్రీకి పడున్న బట్టల గుట్టని రెండు చేతులా ఎత్తుకొచ్చి, చుట్టూ చూశాడు. "ఇవెక్కడ పెట్టను?"

"ఎవరివి వాళ్ల దగ్గర," అంది అమ్మ.

నాన్న తన కుర్చీ తెచ్చి కొట్టులో వేశాడు. పరుపు అన్నయ్య మోశాడు. అమ్మ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కొత్త పాస్‌వర్డ్ కొట్టబోతూ నన్ను చూసింది.

"అటు తిరుగు."

"నాకు కూడా చెప్పవా అమ్మా?"

అమ్మ నా చెంప మీద చెయ్యి వేసింది. ఇస్త్రీ వేడి ఇంకా ఆ చేతిలో ఉంది. "నీకు కూడా చెప్పను."

నేను అటు తిరిగాను. కాస్త ఏడుపొచ్చింది. మీటల చప్పుడు వినిపించింది, మధ్యలో ఒకటి గట్టిగా. ఎన్ని అక్షరాలో లెక్కపెట్టబోయి ఆపేశాను.

ఒంటిగంటకి అమ్మ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని లోపలికి వెళ్లింది. అలవాటుగా నేనూ వెనకే వెళ్లాను. సరిగ్గా అప్పుడే నానమ్మ కుర్చీలోంచి కేకేసింది. "ఏమే కోడలా, నా ఫోన్ మళ్లీ ఏదో అడుగుతోంది. పాస్‌వర్డ్ ఏంటే?"

అమ్మ గుమ్మంలో ఆగింది. ఒక చెవిది తీసింది. హాల్లో నానమ్మ, సోఫా మీద బట్టల మధ్య నాన్న, చేతిలో పరుపు దుమ్ముతో అన్నయ్య, అందరూ అమ్మ వైపే చూస్తున్నారు. అమ్మ ఒంగి నా చెవిలో చెప్పింది.

"నానమ్మ పాస్‌వర్డ్ ఆవిడ పుట్టిన సంవత్సరమే. కాగితం మీద పెద్దగా రాసి ఆవిడకే ఇవ్వు. నువ్వు గుర్తుపెట్టుకోకు. ఇవాళ నువ్వు మొదలుపెడితే రేపట్నుంచి అందరూ నిన్నే అడుగుతారు తల్లీ."

ఆ చెవిది మళ్లీ పెట్టుకుని, నన్ను భుజం పట్టి మెల్లగా గుమ్మం ఇవతలికి జరిపి, నా మొహం మీదే తలుపు వేసుకుంది.