పందెం పుంజుకు వేసిన కుట్లు

తాను కాఫీ తాగడం మరచిపోయినా, పుంజుకు నానబెట్టిన బాదంపప్పు పెట్టడం హనుమంతరాజుగారు ఏనాడూ మరచిపోలేదు. భీమవరం దగ్గరి పల్లెలో రొయ్యల చెరువులున్న రైతు ఆయన. చూసేవారికి అదొక ముచ్చట. అంత ముద్దుగా పెంచిన పుంజు కాలికే కత్తి కట్టి బరిలోకి దించుతారన్న సంగతి ఆ ముచ్చటలో కనిపించదు.

రాజమండ్రి అపార్ట్‌మెంట్‌లో పెరిగిన కోడలు నాగవల్లికి ఆ పుంజంటే భయం. తన చంటి బాబు అటు పాకితే చాలు, పరుగెత్తుకెళ్ళి ఎత్తుకునేది.

"మామయ్యగారు చేసేది పాపం కదూ?" అని ఒకనాడు పనికి వచ్చే లోవలక్ష్మిని అడిగింది.

పెంచిన కోళ్ళను తానే కోసి అమ్మే లోవలక్ష్మి నవ్వింది. "కవర్లో వచ్చిన చికెన్ మాత్రం కోడి కాదేంటండీ?"

మనమూ అంతే కదా, ఎదుటివారి అలవాటులోనే క్రూరత్వం వెతుకుతాం.

ఒక ఆదివారం పందెంలో పుంజు గెలిచే వచ్చింది, కానీ రొమ్ము చీలింది. కుట్లు వేయడం హనుమంతరాజుగారికి అలవాటైన పనే. ఈసారి గాయం లోతు, ఒక్కరివల్ల అయ్యేది కాదు.

"అమ్మాయ్, కాస్త పట్టుకోమ్మా."

నాగవల్లి భయపడుతూనే పట్టుకుంది. సూది దిగినప్పుడల్లా దాని గుండె ఆమె అరచేతిలో దడదడలాడింది, జ్వరంలో బాబు గుండెలాగే. అయినా అది గింజుకోలేదు. ఆయన మోచేతి కింద తల దాచుకుంది.

"నేను కోసినా ఇంతసేపు నొప్పి పెట్టనండి," అంది పసుపు గిన్నె పట్టుకున్న లోవలక్ష్మి, మెల్లగా.

"మిమ్మల్ని నమ్మి దాక్కుంది మామయ్యగారూ," అంది నాగవల్లి.

ఆయన ఆఖరి కుట్టు ముడి వేశారు. అంతలో అన్నకొడుకు వెంకటరాజు వచ్చాడు.

"కుట్లు మానగానే మళ్ళీ దించేద్దాం బాబాయ్."

"దించను. ఇక మనింట్లో కత్తి కట్టేది లేదు."

"గెలిచిన పుంజుని గూట్లో పెడితే ఊళ్ళో ఏమంటారు?"

"పిరికోడంటారు. అననీ."

"కోడలుగారు చెప్పారా ఏంటి?"

"చెప్పింది. లోవలక్ష్మీ చెప్పింది. వినడానికి నాకే ఇన్నేళ్ళు పట్టింది."

తాతల నాటి నుంచి గొప్పగా చెప్పుకున్నదాన్ని, సొంతవాళ్ళ ముందే వదులుకోవడం చిన్న విషయం కాదు. అందరూ చేయలేని పని ఆయన చేశారు.

పుంజును ఒళ్ళో సర్దుకుంటూ అన్నారు: "దీని పౌరుషం చూసి మురవడమే ప్రేమని మనింట్లో నేర్పారు. లోవలక్ష్మి వాళ్ళకి కోడంటే బతుకుతెరువు. మా కోడలు పుట్టింట్లో బతికున్న కోడినే ఎరగరు. పుట్టిన ఇంటిని బట్టి మన చూపు మారుతుందిరా. దాని నొప్పి మారదు."