సుమ వాళ్ళమ్మ ఫోను

కాడుగోడిలో నాకు దోసెపిండి అంగడి ఉంది. నలుగురు ఆడవాళ్ళు నా దగ్గర పని చేస్తారు. పొద్దున ఆరింటికల్లా వర్తూరు వైపు అపార్టుమెంట్లకు పిండి పాకెట్లు చేరాలి. ఒక్కరోజు ఆలస్యమైనా అక్కడివాళ్ళు ఊరుకోరు.

ఇంత చేసినా మా సుమ బడిలో నేను పనికిమాలిన తల్లినే. రెండో తరగతి తల్లుల వాట్సాప్ గ్రూపులో రోజుకు వంద మెసేజీలు వస్తాయి. ఒకటో తరగతి నుంచి రెండేళ్ళుగా అన్నీ చూస్తూనే ఉన్నాను, ఒక్కటి తప్పిపోయింది. ఆ రోజు పసుపు గౌను వేసుకుని రావాలట. యూనిఫాంలో వెళ్ళిన సుమను డాన్సులోంచి తీసేసి వెనక బెంచీలో కూర్చోబెట్టారు. పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

మరునాడు నేనూ మా ఆయన అమరనాథూ బడికి వెళ్ళాం. టీచరు మేరీ మేడమ్‌ది నెల్లూరు.

"బిజినెస్ చేసుకోండమ్మా, నేను కాదనను. కానీ పిల్ల ఫస్ట్ కదా?" అంది నాతో. అంతలోనే ఆయనవైపు తిరిగి, "పాపం, మీరు ఆఫీసుకు లీవు పెట్టి వచ్చారా సార్!" అంది.

పాపమట! సొంత కూతురి కోసం వస్తే పాపమేమిటి?

దారిలో ఈయన ఇంకాస్త మంట పెట్టాడు. "ఆ పిండి యాపారం చాలించేయి హరిణీ. పాప ఎట్లయిపోయిందో చూసినావా?"

ఒళ్ళు మండిపోయింది. ఆ గ్రూపున్న ఫోను తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆర్డర్లకు నాకు వేరే ఫోనుంది.

"ఒక నెల ఇది నువ్వు చూడు. అంగడి మూయాల్నా వద్దా అనేది ఆమీట చెప్పు" అన్నాను.

పౌరుషానికి పోయి ఒప్పుకున్నాడు. మొదటివారం పచ్చ చార్టు తెమ్మంటే నీలిది తెచ్చాడు. తర్వాత కుదురుకున్నాడు. నంబరు నాదే కాబట్టి గ్రూపులో ఎవరికీ తెలియలేదు. నేనేమో ఆ నెలలో సర్జాపుర రోడ్డులో రెండు కొత్త అపార్టుమెంట్ల ఆర్డర్లు పట్టాను.

నెల తిరిగేసరికి తల్లిదండ్రుల మీటింగు వస్తే, సుమను తీసుకుని ఇద్దరం వెళ్ళాం. నన్ను చూడగానే మేడమ్ మొహం వెలిగిపోయింది. "నేను చెప్పాక ఎంత మారారో చూడండి! ఇప్పుడు సుమ వాళ్ళమ్మే అందరికన్నా ముందు రిప్లై ఇస్తున్నారు" అంది అందరి ముందూ.

"నేను కాదు మేడమ్. నెల్నించీ ఆ ఫోను ఈయన దగ్గరే ఉండాది."

"అయ్యో సార్! ఆఫీసు పనితో పాటు ఇది కూడానా? గ్రేట్ సార్!"

మేడమ్ చప్పట్లు కొట్టింది. తల్లులందరూ కొట్టారు. అమరనాథ్ సిగ్గుపడుతూ నవ్వాడు. నా కడుపున పుట్టిన సుమ కూడా రెండు చేతులూ ఎత్తి కొట్టింది. అది మాత్రం ఓర్చుకోలేకపోయాను.

"రెండేండ్లు నేను చేస్తిని కదా మేడమ్! అంగడి నడుపుకుంటా చేస్తిని. ఒక్కరన్నా చప్పట్లు కొట్టినారా?"

కొట్టిన తల్లుల్లో ముగ్గురు తల దించుకున్నారు.

బయటికొచ్చాక అమరనాథ్ జేబులోంచి ఫోను తీశాడు. "అంగడి మూయొద్దులే. నెలైపాయ కదా, ఇంద నీ ఫోను" అన్నాడు.

నేను చెయ్యి చాపలేదు.

"నీ దగ్గరే పెట్టుకో. చప్పట్లు కొట్టించుకున్నోళ్ళే చూడాల" అని సుమ చెయ్యి పట్టుకుని అంగడికి నడిచాను.