ఆకుపచ్చ అల్మారా

నెట్టా మెయిర్ ఒకటి చేస్తానందంటే అది అయిపోయినట్టే లెక్క. ముప్ఫై ఏళ్ల పాటు బడి వంటగదిలో రోజూ రెండొందల మంది పిల్లలకి వండిపెట్టిన మనిషి. ఉన్న సరుకుతో సరిపెట్టడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. మార్చిలో రిటైరైంది. ఏప్రిల్‌లో పొలాల మధ్య ఉన్న తన పుట్టిల్లు కీత్ వెళ్లి, లోపలే వండుకుని పడుకునే ఇరవై రెండేళ్ల పాత మోటర్‌హోమ్ బండి ఒకటి బేరమాడి కొనేసి, తనే నడుపుకుంటూ తెచ్చి చేపల రేవు పోర్ట్‌నాకీలో తమ ఇంటి ముందు ఆపింది. జూన్ మొదటి సోమవారం పొద్దున తొమ్మిదింటికి తనూ డోడూ పడమటి తీరానికి బయల్దేరుతున్నామని వీధి వీధంతా చాటింది.

మొగుడికీ చెప్పింది. డోడ్ అవుననలేదు, కాదనలేదు. కిటికీ దగ్గర రేడియో శబ్దం కాస్త పెంచుకున్నాడంతే.

ఆ కిటికీయే అతని లోకమైపోయి ఆరేళ్లయింది. నలభై ఏళ్లు సముద్రం మీద తిరిగినవాడు, అందులో పాతికేళ్లు సొంత పడవకి సరంగు. పడవకి తల్లి పేరే పెట్టుకున్నాడు, బెర్తా అని. చేపలు తగ్గి, పనివాళ్లు దొరక్క, చివరికి దాన్ని ముక్కలు చేసేవాళ్లకి అప్పజెప్పాడు. ఆ రోజు నుంచి రేవు గోడ దాటి అవతలికి వెళ్లలేదు. రోజుకి నాలుగుసార్లు రేడియోలో సముద్రపు వాతావరణం వింటాడు, గాలి ఎటు తిరిగిందో చూస్తాడు, మళ్లీ కుర్చీలో కూర్చుంటాడు. అతను ఆ కుర్చీలోనే ముసలివాడైపోతాడేమోనని నెట్టాకి భయం. ఒంటరిగా వెళ్లడానికి కాదు ఆమె బండి కొన్నది. పక్క సీట్లో అతను లేకపోతే ఆ ప్రయాణమే ఆమెకి అక్కర్లేదు. ఈ మాట మాత్రం వీధిలో ఎవరికీ చెప్పలేదు.

బండి లోపల చూస్తే ఎవరికైనా నీరసమొస్తుంది. గోడలు గోధుమరంగు, సీట్లు అంతకన్నా గోధుమరంగు, కర్టెన్లు మరిగిపోయిన టీ రంగు. నెట్టా నడుమ్మీద చేతులు పెట్టుకుని ఒకసారి అటూ ఇటూ చూసి, దీన్ని సముద్రపు ఒడ్డు చేసేస్తానంది. సముద్రాన్ని వదిలి రానివాడికి సముద్రాన్నే బండెక్కిస్తే సరి. ఖర్చుకి ఆమె దగ్గరున్నది బడి వంటగదివాళ్లు వీడ్కోలప్పుడు చందాలేసుకుని ఇచ్చిన నూటయాభై పౌండ్లు. అంతకు మించి ఒక్క పెన్నీ పెట్టనని ముందే ఒట్టేసుకుంది.

కల్లెన్‌లో మూతపడుతున్న లాడ్జీ నుంచి నీలం తెలుపు చారల దుప్పట్లు కారుచవగ్గా పట్టుకొచ్చింది. వాటితోనే కర్టెన్లు, సీట్ల తొడుగులు, దిండు గలీబులు అన్నీ కుట్టేసింది. అలలు ఒడ్డున పడేసిన తాళ్లు ఏరుకొచ్చి, కంపు పోయేదాకా స్నానాలతొట్టిలో మూడుసార్లు నానబెట్టి, అల్మారాలకి పిడులుగా ముడేసింది. కొట్టుకొచ్చిన చెక్క ఒకటి గరుకుకాగితంతో రుద్ది అరగా బిగించింది. ఆ వారం రోజులూ డోడ్ స్నానం గురించి నోరెత్తలేదు, దాన్నే ఆమె అంగీకారం కింద జమ కట్టుకుంది.

డోడ్ అక్క టీనీ రెండిళ్ల అవతల ఉంటుంది. రోజూ ఒకసారి వచ్చి, చేతులు కట్టుకుని, పనిని పరీక్షించి పోయేది. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురం తర్వాత కూడా ఆమెకి నెట్టా ఇంకా పొలాల నుంచి వచ్చిన పిల్లే.

“సముద్రం పక్కన పుట్టినవాళ్లెవరూ గోడకి సముద్రం తగిలించుకోరు పిల్లా. అది సెలవులకొచ్చే ఎడిన్‌బరో వాళ్ల సరదా.”

“వాళ్లు డబ్బు పోసి కొంటారు. నాకు ఊరికే వచ్చింది,” అంది నెట్టా, నోట్లో సూది తీయకుండానే.

ఇక రంగు మిగిలింది. అక్కడే వచ్చింది తంటా.

ఆ తీరంలో చేపల వాళ్లకి ఆకుపచ్చ గిట్టదు. పడవకి వేయరు, ఒంటి మీద వేసుకోరు, ఇంట్లోకి రానివ్వరు. నెట్టా పెళ్లి రోజున ఆమె తల్లి ఆకుపచ్చ టోపీ పెట్టుకుని వస్తే, అత్తగారు బెర్తా చర్చి గుమ్మంలోనే దాన్ని తీసి, నవ్వుతూనే, బల్ల కిందకి తోసేసింది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆకుపచ్చ తువ్వాలు లేదు, ఆకుపచ్చ కప్పు లేదు. బఠాణీలు మాత్రం శుభ్రంగా తినేవాళ్లు, దాని మీద నెట్టా ఇన్నేళ్లూ వెక్కిరిస్తూనే ఉంది. కానిది కంటపడినా, అనకూడని మాట నోట వచ్చినా వాళ్లు చప్పున దగ్గర్లో ఉన్న ఇనుమేదైనా ముట్టుకుంటారు. డోడ్ మంచి తెలివైనవాడు, పుస్తకాలు చదువుతాడు, అయినా చెయ్యి దానంతటదే ఇనుము మీదకి పోతుంది.

ఇదంతా తెలిసీ నెట్టా పప్పులో కాలేసింది. పక్క ఊరు బకీలో రంగుల దుకాణం మూలన, ఎవరో కలిపించుకుని నచ్చక తిరిగిచ్చేసిన డబ్బాలు పావు ధరకి పెడతారు. ఆ రోజు అక్కడ పెద్దవి రెండు ఉన్నాయి. మూత మీద చుక్క చూసింది. లేత ఆకుపచ్చ, ఎండ కాసిన రోజున ఇసక మీద పరుచుకున్న నీళ్ల రంగు. ఎంత బాగుందో చెప్పలేం. ఆమె ఐదు నిమిషాలు అక్కడే నిలబడి ఆలోచించింది. ఇది పడవ కాదు, బండి. ఆయన ఇప్పుడు వేటకీ పోవడం లేదు. ఆ పట్టింపులన్నీ బెర్తా పడవతోనే పోయాయి. అలా తనకి తానే సర్దిచెప్పుకుని రెండు డబ్బాలూ ఇంటికి మోసుకొచ్చింది.

మూడు రోజులు తలుపులేసుకుని రెండు పూతలు వేసింది. గురువారం మధ్యాహ్నం డోడ్‌ని పిలిచింది. అతను ఇంట్లో చెప్పులతోనే వచ్చి బండి మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఆగిపోయాడు. చెయ్యి ఇనుము కోసం వెతికింది. తలుపు ప్లాస్టిక్. చట్రం అల్యూమినియం. మెట్టు రబ్బరు. వెనకాల నిలబడ్డ టీనీ గబగబా జేబులోంచి తాళంచెవులు తీసి తమ్ముడికి అందించబోయింది.

“అవి ఇత్తడివి,” అన్నాడు డోడ్.

తర్వాత నెట్టా వైపు తిరిగాడు. కోపం లేదు అతని మొహంలో. అందుకే ఆమెకి ఎక్కువ భయమేసింది.

“అంటే నేనిక ఒడ్డు మనిషినేనని నువ్వూ తేల్చేశావన్నమాట.”

అది పడవ కాదని, నాలుగు చక్రాలున్న బండని నెట్టా ఏదో అనబోయింది. అతను వినడానికి ఆగలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లాడు, రేడియో మోగింది.

ఆ పూటంతా నెట్టాకి ఒళ్లు మండిపోతూనే ఉంది. ఇంత చేస్తే ఇదా అనుకుంది, గిన్నెలు దబదబా తోమింది, టీనీని ఇంటికి పొమ్మంది. శుక్రవారానికి కోపం దిగింది. దిగాక ఆ మాట మిగిలింది. ఆరేళ్లుగా ఇంట్లో ఎవరూ అనని మాట అది. పడవ పోయిందన్నారు గానీ నువ్వు చేపల మనిషివి కావని అతనితో ఎవరూ అనలేదు. అందరికన్నా జాగ్రత్తగా నోరు కట్టేసుకున్నది తనే. తీరా చూస్తే తనే ఆ మాటని నాలుగు గోడల మీదా రెండు పూతలుగా రాసిపెట్టింది. నెట్టాకి సిగ్గేసింది. తప్పు చేశాననిపించింది.

అలాగని పోయి క్షమించమని అడిగే రకం కాదు. తప్పు చేసింది బ్రష్షుతో, దిద్దేది కూడా దాంతోనే. నూటయాభైలో ఇక చిల్లర తప్ప ఏమీ లేదు, కానీ కీత్‌లో చెల్లెలి దగ్గర పాల షెడ్డుకి వేయగా మిగిలిన తెల్ల రంగు ఉంది. శనివారం పొద్దున కోటు తొడుక్కుని కుర్చీ ముందు నిలబడింది.

“సోమవారం తొమ్మిదింటికి బండి కదులుతుంది డోడ్. నువ్వొచ్చినా, రాకపోయినా.”

గొంతు గట్టిగానే పలికింది. బస్సెక్కాక మాత్రం ఏడుపొచ్చింది.

సాయంత్రం నాలుగింటికి, రెండు చేతులా రెండు డబ్బాలు మోసుకుంటూ వీధి మలుపు తిరిగేసరికి, బండి తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. పడవల రంగు ఘాటు వీధి చివరిదాకా కొడుతోంది. టీనీ ప్రహరీ గోడ మీద కూర్చుని ఉంది, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని.

“చూసి అడుగెయ్యి, ఇంకా తడిగా ఉంది,” అంది చివరికి.

లోపల డోడ్ పాత పని బట్టల్లో మోకాళ్ల మీద ఉన్నాడు. కింద నుంచి కిటికీల అంచు దాకా గోడలన్నీ ముదురు నీలం. నెట్టా డబ్బాలు కింద పెట్టేసింది. ఆ నీలం ఏ దుకాణంలోనూ దొరకదు. ప్రతి వసంతంలోనూ డోడ్ తన చేత్తో, చుక్క చుక్కగా నలుపు కలుపుతూ చేసుకున్న రంగు అది, బెర్తా రంగు. ఆఖరి రెండు డబ్బాలు ఆరేళ్లుగా షెడ్డులో ఉన్నాయి. ఊడవడానికి కూడా వాటిని జరపనిచ్చేవాడు కాదు. పక్కింటివాళ్లు పడవకని అడిగితే లేదు పొమ్మన్నాడు. ఇప్పుడు రెండింటి మూతలూ తీసి ఉన్నాయి, లోపల గీకడానికి కూడా ఏమీ లేదు.

“అయిపోయింది,” అన్నాడు తలెత్తకుండా.

“పైన సగం?”

“తెల్లది తెచ్చావుగా.”

“నీకెవరు చెప్పారు?”

“మీ చెల్లెలు ఫోన్ చేసింది. అడగకుండా కొత్త బ్రష్షు కూడా పట్టుకుపోయావని తిట్టింది.”

నెట్టా నవ్వింది. నీలం ఆగిన చోట గీత చూసింది. టేపు వేయలేదు, తాడు పట్టలేదు, అయినా ఈ చివర నుంచి ఆ చివరకి వెంట్రుకవాసి తేడా లేదు. పాతికేళ్లు పడవకి నీటిగీత గీసిన చెయ్యి అది.

డోడ్ లేచి, ముందు సీట్ల దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. డ్రైవరు పక్క సీటుకి ఆనుకుని రెండు కొమ్ముల ఇనుప ముక్క ఒకటి గట్టిగా బిగించి ఉంది. పడవలో తాళ్లు చుట్టి కట్టేది. బెర్తాని ముక్కలు చేసిన రోజున అతను అడిగి తెచ్చుకున్నది అదొక్కటే.

“ఇదెందుకు ఇక్కడ?”

“నువ్వు నడిపే బండిలో కూర్చోవాలంటే చేతికందేటట్టు కాస్త ఇనుము ఉండాలి.”

తర్వాత స్టవ్ పైన కప్పులు పెట్టుకునే చిన్న అల్మారా తలుపు తెరిచాడు. బయట అంతా నీలం. లోపల మాత్రం ఆమె వేసిన లేత ఆకుపచ్చ అలాగే ఉంది, అంచు మీద ఒక్క నీలి మరక కూడా పడకుండా.

“ఇది వదిలేశావేం?”

“అది నీది. లోపల నీ ఇష్టం,” అన్నాడు. “చక్రాలు తిరుగుతున్నప్పుడు మాత్రం తెరవకు.”

ఆదివారం ఇద్దరూ కలిసి పై సగానికి తెలుపు వేశారు. టీనీ గుమ్మంలో నిలబడి, అక్కడ మరక, ఇక్కడ మరక అంటూ చూపిస్తూ పోయింది. సోమవారం తొమ్మిదింటికి ఐదు నిమిషాల ముందే డోడ్ వచ్చి సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. బండి రేవు గోడ దాటుతున్నప్పుడు నెట్టా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. అతను ఇనుప ముక్క మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం పడమటి తీరంలో ఉల్లాపూల్ దాటాక, కింద నీళ్లు కనబడే చోట ఆమె బండి పక్కకి తీసింది. టీ పెడతానని వెనక్కి వెళ్లి, కెటిల్ స్టవ్ మీద పెట్టి, కప్పుల అల్మారా తాడు పట్టుకుని ఆగింది.

“ఆపావా?” అన్నాడు డోడ్, ముందు నుంచే.

“ఆపాను. బ్రేకు కూడా వేశాను.”

“అయితే తియ్యి.”

ఆమె తలుపు తెరిచింది. అతను సీట్లో వెనక్కి తిరిగి ఆ రంగు వైపు చూశాడు. మొదటిసారి తిన్నగా, చాలాసేపు చూశాడు.

“నీళ్లు ఆ రంగుకి తిరిగాయంటే లోతు లేదన్నమాట. పడవ అడుగు తగిలేది అక్కడే. అందుకే మాకు గిట్టదు.”

“మరి ఒడ్డు కూడా అక్కడే కదా,” అంది నెట్టా.

కెటిల్ కూత పెట్టింది.

“ఇవాళ నాకు చక్కెర రెండు చెంచాలు,” అన్నాడు, ఇనుము మీంచి చెయ్యి తియ్యకుండానే.