బెత్తెడు మట్టి

దమయంతి మోకాళ్ళ మీద కూర్చుని, గుంటలోంచి గుప్పెడు మట్టి తీసి, సీసాలోని నీళ్ళు నాలుగు చుక్కలు చల్లి, బొటనవేలితో పిసుకుతోంది. వేళ్ళ మధ్య మట్టి గరగరలాడింది. ముద్దయినట్టే అయింది గానీ సాగదీయబోతే పుటుక్కున తెగిపోయింది. ఇసుకపాలు ఎక్కువ మరి. ఈ కొండంతా ఇసుకరాయే. ఎండకూ మంచుకూ ఆ రాయి పొడిపొడిగా రాలి, ఆ పొడిలో గడ్డివేళ్ళు చచ్చి, కుళ్ళి, ఎన్ని వేల ఏళ్ళకో పైన నల్లగా ఒక పొర కట్టింది. ఆమె గుంట గోడకు చెయ్యి ఆనించి చూసుకుంది. నల్లమట్టి బెత్తెడు. దాని కింద ఎర్రటి ఇసుక, గులకరాళ్ళు. మూరెడు లోతుకు పార దిగగానే ఠంగుమని బండ తగిలింది.

రిపోర్టులో అంగుళాలే రాస్తుంది గానీ కొలత మాత్రం చేతితోనే. బాపట్లలో వ్యవసాయం చదివినప్పటి అలవాటు. గడ్డివేళ్ళు బండ దాకా దిగి, దారి దొరక్క అడ్డంగా పాకి, పగులు కనిపించిన చోటల్లా లోపలికి దూరాయి. ఎంత వాన కురిసినా ఈ ఇసుకలో నిలవదు. పట్టి ఉంచేది పైనున్న ఆ బెత్తెడే. గడ్డి బతికేది దాని మీద. ఆ గడ్డిని నమ్ముకుని లోయలో ఆవుల మందలున్నాయి, శీతాకాలం కొండ దిగివచ్చే జింకలున్నాయి.

కొలరాడో కొండల మీదుగా గ్యాస్ పైపు వేస్తున్న కంపెనీలో ఆమె మట్టి మానిటర్. బుల్‌డోజర్‌కు ముందు నడుస్తూ, పైమట్టి ఎక్కడ ఎంత లోతుందో చూసి జెండాలు పాతాలి. యంత్రం అంత మేరకే గీకి నల్లమట్టిని ఒక పక్క, కిందిదాన్ని ఇంకో పక్క పోయాలి. పైపు పూడ్చాక అదే వరుసలో మళ్ళీ పరవాలి. రెండూ కలిసిపోయాయా, ఇక అంతే సంగతులు. ఎదురుకొండ మీద ఎప్పుడో వేసిన పాత పైపు దారి కింది నుంచి పై దాకా ఇవాళ్టికీ బోడిగానే ఉంది. అక్కడ గడ్డిపరక లేదు. వాన వచ్చినప్పుడల్లా ఇంకాస్త కోసుకుపోతోంది.

పని ఆపించే అధికారం ఆమెకుంది. నోటి మాట చాలు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ మాట అనలేదు. ఎలా అంటుంది? అడ్డం చెప్పడమనేది ఆమెకు ఎవరు నేర్పారు గనక! భర్త చంద్రమౌళి వీసా మీద వచ్చి, దాని మీద పని చేయకూడదంటే ఏళ్ళ తరబడి డెన్వర్ అపార్ట్‌మెంట్‌లో కూర్చుంది. పార్టీలకు అయిదుగురు కలిసి వెళితే కార్‌లో వెనక మధ్య సీటు ఆమెదే, కాళ్ళు ముడుచుకుని. తీరా ఈ ఉద్యోగం దొరికితే, స్నేహితురాలు పద్మజ పదిమందిలో “అమెరికా వచ్చి మట్టి పిసుక్కుంటున్నావేంటే!” అని పకపకా నవ్వింది. చంద్రమౌళీ నవ్వాడు. వాళ్ళతో పాటు ఈ మహాతల్లి దమయంతీ నవ్వింది! ఒళ్ళు మండదూ? దమయంతి చాలా మంచిదని లోకమంతా అంటుంది. నోట్లో నాలుక లేనివాళ్ళను అనే మాటే అది.

కింద నుంచి తెల్ల ట్రక్కు వచ్చి ఆగింది. సైట్ ఇంజనీర్ వినీత్ దిగాడు. వరంగల్ కుర్రాడు. పండక్కి ఇంటికి వచ్చి ఆమె చేతి పప్పు రెండుసార్లు వడ్డించుకుని తిన్నవాడు.

“ఆంటీ, జెండాల మీద నాలుగు ఇంచులే రాసిన్రు. లోయల తొమ్మిది ఉండె కదా?”

“అక్కడ జానెడు నాయనా, ఇక్కడ బెత్తెడే. ఆ పెద్ద బ్లేడ్‌తో గీకితే కింద రాళ్ళన్నీ కలిసి వచ్చేస్తాయి. చిన్న మెషీన్ తెప్పించాలి.”

“చిన్న మెషీన్ వచ్చేసరికి వీక్ పోతది ఆంటీ. షెడ్యూల్ స్లిప్ అయితే నా వీసా ఎక్స్‌టెన్షన్ ఫైల్ చెయ్యరు వీళ్ళు. ఆ మీది చెట్టు దాకా జర అడ్జస్ట్ చెయ్యిన్రి. ప్లీజ్ ఆంటీ, మీరే గిట్లంటే నేనెవర్ని అడగాలె?”

ఆ పిల్లవాడి కళ్ళ కింద నల్లటి చారలు. పాపం, నిద్రలేదు కాబోలు. దమయంతి చెట్టు వైపు చూసింది. అదేమంత దూరం లేదు. సరేనంది.

బుల్‌డోజర్ నడిపే డ్వేన్ ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆమె చెయ్యి ఊపింది. బ్లేడ్ దిగింది. నల్లమట్టి మడత పడి లేచింది. దాని వెంటే ఎర్ర ఇసుక, రాళ్ళు, బండ పెచ్చులు వచ్చిపడ్డాయి. గడ్డిదుబ్బులు వేళ్ళు పైకి పెట్టి తిరగబడ్డాయి. చెట్టు దగ్గరికి చేరేసరికి పక్కన ఒక్కటే కుప్ప ఉంది.

ఆమె ఆ కుప్పలో చెయ్యి పెట్టింది. నలుపు ఎక్కడుందో తెలియలేదు. బియ్యంలో రాళ్ళయితే కూర్చుని ఏరొచ్చు, దీన్ని ఏ దేవుడు ఏరుతాడు? ఇంకో ఎదురుకొండ తయారైంది, అదీ తను చెయ్యి ఊపితే. తన్నుకొచ్చిన కోపానికి ఆమెకే ఆశ్చర్యం వేసింది. వినీత్ మీద, కంపెనీ మీద, చంద్రమౌళి మీద, అన్నిటికంటే ఎక్కువ ఆ ఊపిన చేతి మీద.

మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా తెరవలేదు. చెట్టుకు ఆవల కొండ వాలు ఇంకా నిటారుగా లేచింది. అక్కడ మరో గుంట తవ్వింది. నల్లమట్టి బెత్తెడు కూడా లేదు, మూడు వేళ్ళే. మూరెడు పోకుండానే బండ. యంత్రం చెట్టు దాటి ముక్కు పైకెత్తేసరికి దమయంతి దాని ఎదురుగా నడిచి వెళ్ళి నిలబడి, చెయ్యి పైకెత్తి అరిచింది.

“స్టాప్ వర్క్!”

ఆ గొంతు ఎవరిదో అన్నట్టు డ్వేన్ అటూ ఇటూ చూసి ఇంజన్ ఆపేశాడు. వినీత్ పరుగెత్తుకొచ్చాడు.

“ఏంది ఆంటీ ఇది? పొద్దుగాల ఓకే అన్నరు కదా!”

“అన్నాను. సిగ్గులేక అన్నాను. ఆ కుప్ప చూశావా?”

“సీడింగ్ చేస్తరు ఆంటీ, మళ్ల వస్తది గడ్డి.”

“ఎక్కడొస్తుంది? నువ్వు ఇంజనీరువే కదా, ఆ ఎదురుకొండ చూసి చెప్పు, ఎక్కడొచ్చింది?”

వినీత్ చూడలేదు. “నా పరిస్థితి మీకు తెల్వదా? నా జాబ్ పోతది ఆంటీ.”

దమయంతికి ఏడుపు వచ్చింది. అయినా పక్కకు జరగలేదు. “తెలుసు. ఇంటికొచ్చినప్పుడు ఆంటీ అను, కడుపునిండా అన్నం పెడతాను. ఇక్కడ అనకు. ఇక్కడ నేను మానిటర్ని. చిన్న మెషీన్ వచ్చేదాకా ఇది కదలదు.”

అతను దూరంగా వెళ్ళి ఫోన్‌లో మాట్లాడి, తల వంచుకుని తిరిగొచ్చి స్పీకర్ ఆన్ చేశాడు. హెడ్ ఆఫీస్ మేనేజర్ గొంతు ఎంతో మర్యాదగా ఇంగ్లీషులో పలికింది. దమయంతి సేవలకు కృతజ్ఞతలట. ఈ సైట్‌లో ఆమె పని ఇవాళ్టితో పూర్తయిందట. మరో సైట్ ఉంటే కబురు చేస్తారట. ఉంటే! చీపురుతో ఊడ్చేసి పైన పన్నీరు చల్లడమంటే ఇదే. వీళ్ళతో వాదించి మాత్రం లాభమేముంది?

ఒంటి మీది సేఫ్టీ జాకెట్ కంపెనీది. విప్పింది. వినీత్ చేతికివ్వబోతే అతని చేతులు ముందుకు రాలేదు. జాకెట్‌ను బ్లేడ్‌కు ఎదురుగా గడ్డి మీద పరిచి, ఎగిరిపోకుండా ఒక ఇసుకరాయి పలకను పైన పెట్టింది.

“వేళకింత తిను నాయనా,” అని కొండ దిగింది. కింద ఆపిన కారు రివర్స్ చేసుకుని, కంచె గేటు దాటి, ఆవులు బయటపడకుండా దాన్ని వేసి మరీ వెళ్ళిపోయింది.

ఫోన్ ఇంకా వినీత్ చేతిలోనే ఉంది. మానిటర్ లేకుండా యంత్రం కదలకూడదు కనుక, కొత్త మనిషి వచ్చేదాకా ఆ జాకెట్ నువ్వే తొడుక్కో అంటోంది ఆ మర్యాద గొంతు. సరేనా అని రెండుసార్లు అడిగింది. అతను ఈసారి ఎదురుకొండ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

డ్వేన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. “అది వేసుకున్నవాళ్ళు చెయ్యి ఊపితేనే నేను కదిలేది. నువ్వు ఊపుతావా?”

వినీత్ జాకెట్ జోలికి పోలేదు. డ్వేన్ తాళంచెవి తీసుకుని కిందికి దిగి, నీడకు వెళ్ళి కూర్చున్నాడు. కొండ మీద గాలి లేచింది. రాతిపలక కింద నారింజ రంగు జాకెట్, వీపు మీద మానిటర్ అన్న అక్షరాలతో, చేతులు దూర్చే కంతలు రెండూ తెరుచుకుని గడ్డి మీద కొట్టుకుంటోంది.