మూడువందల అరవై అయిదు వత్తులు

మా ఆయన విజయభాస్కర్‌కి రూల్స్ అంటే ప్రాణమని ఎవరైనా అన్నారంటే, వాళ్లు ఆయన్ని యూరప్‌లో చూసి ఉండాలి. కువైట్‌లో చూసినవాళ్లు ఆ మాట అనరు.

మొన్న జూలైలో మధ్యధరా సముద్రంలో దీవులు చూడటానికి వెళ్లాం. నీళ్లు, ఒడ్డు, ఒడ్డు మీది ఇసక కూడా ప్రభుత్వం కాపాడుకుంటున్న పార్కు అది. పడవ దిగగానే నిక్కరు వేసుకున్న ఒక గార్డు, పాతికేళ్లు కూడా ఉండవు, ఏమేం చెయ్యకూడదో చెప్పాడు. తాడు దాటకూడదు, గవ్వ ముట్టుకోకూడదు, గుప్పెడు ఇసక కూడా తీసుకెళ్లకూడదు. మా ఆయన చేతులు కట్టుకుని విన్నారు. నేను గోరంత గవ్వ ఒకటి పర్సులో వేసుకుంటే, అందరి ముందూ "సుమతీ, బుద్ధుందా నీకు?" అని తీయించి, ఎక్కడ తీశానో అక్కడే పెట్టించారు. తిరిగి పడవ ఎక్కే ముందు బూట్లకంటిన ఇసక అక్కడే దులపాలట. ఆయన ఒంగి బూట్లు విప్పి, బోర్లించి, ఆ కుర్రాడికి చూపించి, "ఓకే సర్?" అని అడిగారు. నాకు అప్పుడు నవ్వొచ్చింది. పోన్లే, ఈ వయసులోనైనా ఒక పద్ధతి నేర్చుకున్నాం అనుకున్నాను.

ఏం నేర్చుకున్నామో కార్తీక మాసంలో తెలిసింది.

పౌర్ణమి నాడు మూడువందల అరవై అయిదు వత్తులు కట్టగా కట్టి, నేతిలో తడిపి వెలిగించడం మా పుట్టింటి ఆనవాయితీ. ఏడాదంతా పెట్టని దీపాలన్నీ ఆ ఒక్క రోజుతో పెట్టినట్టు లెక్క. నిరుడు కువైట్‌లో మేముండే రిగ్గైలో, మా ఫ్లాట్ బాల్కనీలో వెలిగిస్తే పొగకి బిల్డింగంతా అలారం మోగింది. కాపలా చూసే హారిస్ బకెట్‌తో పరిగెత్తుకొచ్చి, నేను దండం పెట్టుకుంటూ ఉండగానే దీపం మీద నీళ్లు కుమ్మరించాడు. ఆ అపశకునం ఏడాదంతా నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

నేను రక్తపరీక్షలు చేసే క్లినిక్‌కి అయ్యప్ప వచ్చింది ఆ తర్వాతే. ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, దాని మెడికల్ కోసం వచ్చాడు. సూది గుచ్చుతూ నేనేదో అంటే, "మీది గోదారేనాండి?" అన్నాడు. వాళ్లది కోరంగి మడ అడవుల పక్క ఊరట. ఫర్వానియాలో ఒక గదిలో ఎనిమిదిమందితో ఉంటాడు. పని మాత్రం ఊరి బయట, సముద్రం ఒడ్డున కంచె వేసిన పక్షుల రక్షిత ప్రాంతంలో, గేటు దగ్గర గార్డు. పోటు నీళ్లు లోపలికొచ్చి నిలిచే మడుగు, చుట్టూ రెల్లు, చలికాలం రాగానే దిగే రాజహంసలు. ఆ నీళ్ల గురించి చెబుతుంటే అతని మొహం చూడాలి, మేనమామ ఇంటి గురించి చెబుతున్నట్టు ఉంటుంది. మా తెలుగు సంఘం వాళ్ల వనభోజనాలు అక్కడ పెట్టుకోనిస్తారా అని అడిగింది నేనే. ఈ మాట దాచుకోను.

పదిహేను రోజులు సూపర్‌వైజర్ వెంటపడి అనుమతి తెచ్చాడు పాపం. తన సివిల్ ఐడీ కాపీ పెట్టి, వీళ్లేం చేసినా పూచీ నాదే అని సంతకం చేశాడు. తేడా వస్తే ఉద్యోగం పోతుంది, ఇఖామా పోతుంది, ఖలాస్, విమానం ఎక్కడమే. మమ్మల్ని అడిగింది ఒక్కటే. నిప్పు వద్దు, నీళ్లల్లో ఏదీ వెయ్యొద్దు, బండ్లు ఆపే చోటే తినాలి. వనభోజనాల కమిటీకి పెద్ద మా ఆయన. ఫోన్లో ఆ షరతులు సగం విని, "రూల్స్ నువ్వు నాకు చెప్పక్కర్లేదయ్యా, నేను యూరప్ చూసొచ్చినవాణ్ణి," అన్నారు. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే.

పౌర్ణమి శుక్రవారం పడింది, తెల్లవారకముందే పది కార్లలో వెళ్లాం. నీళ్లల్లో వదలడానికి కాదు, పళ్లెంలో పెట్టుకోవడానికని నూట ఎనిమిది అరటి డొప్పలు, వాటిలోకి బ్యాటరీ దీపాలు కొన్నారు కమిటీ వాళ్లు. ఆ బ్యాటరీ దీపాలు చూసి ఆడవాళ్లం గునిశాం. కార్తీక పౌర్ణమికి స్విచ్చి నొక్కి దీపం పెట్టడమేమిటి అన్నాం. ఆలస్యంగా వచ్చే కార్లకి దారి చూపించడానికి అయ్యప్ప గేటు దగ్గరికి వెళ్లాడు. మా ఆయన అటూ ఇటూ చూసి, జేబులోంచి లైటర్ తీసి, "రెండు నిముషాల్లో కానిచ్చెయ్యండి. గార్డు మనవాడేగా," అన్నారు.

మనవాడేగా. తెల్లవాడైతే సర్. మనవాడైతే రెండు నిముషాలు.

ఇంత తిడుతున్నాను గదా, నేనేం చేశాను? తక్కినవాళ్లు తెచ్చుకున్న వత్తులు నేతిలో తడుపుతుంటే, తగుదునమ్మా అని నేనూ సంచిలోంచి నా వత్తుల కట్ట తీశాను. తెచ్చుకున్నానంటేనే తెలిసి తెచ్చుకున్నట్టు కదా. పెద్ద డొప్ప చూసి పెట్టుకుని, వెలిగించి, అందరి డొప్పలతోపాటు మడుగులోకి వదిలాను. నిజం చెప్పాలంటే, ఎంత బాగున్నాయో ఆ దీపాలు. కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను. కళ్లు తెరిచేసరికి సముద్రం గాలి తిరిగింది. డొప్పలన్నీ ఒక మూలకి, ఎండిన రెల్లు దగ్గరికి పోతున్నాయి. చిన్న దీపాలు దారిలోనే ఆరిపోయాయి. నాది ఆరలేదు. అంత నెయ్యి పోశాను.

రెల్లు చిటపటమంది. అవతలి గట్టు దగ్గర నిలబడ్డ హంసలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ముప్ఫైమంది చదువుకున్నవాళ్లం, ఇంజనీర్లం, డాక్టర్లం, గట్టు మీద నిలబడి అయ్యయ్యో అన్నాం. గేటు దగ్గర్నుంచి అయ్యప్ప పరిగెత్తుకొచ్చాడు. చొక్కా విప్పి, నీళ్లల్లో ముంచి, నడుములోతు బురదలో దిగి మంట మీద బాదాడు. ఒక గదంత మేర రెల్లు కాలాక మంట ఆరింది. అతని కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది. గట్టెక్కి నా వంక చూశాడు.

"మీరడిగేరనే కదండీ నేను సంతకం పెట్టింది," అన్నాడు.

 

పొగ చూసి ఆ రక్షిత ప్రాంతం ఇన్‌స్పెక్టర్ జీపులో వచ్చాడు. కువైటీ, నడివయసువాడు, అరవలేదు. నిప్పు పెట్టడానికి ఎవరు ఒప్పుకున్నారని ఇంగ్లీషులో అడిగాడు. మా ఆయన ముందుకెళ్లి, చక్కటి ఇంగ్లీషులో, మాకు ఇక్కడి నియమాలు తెలియవని, గార్డుని అడిగితే ఫర్వాలేదు వెలిగించుకోమన్నాడని చెప్పారు. తడుముకోలేదు. దీవిలో గవ్వ కోసం నన్ను నిలబెట్టి దులిపిన నోరే అది. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి కాగితం తీశాడు. అయ్యప్ప సంతకం పెట్టిన కాగితం అదే. అయ్యప్పకి ఇంగ్లీషు రాదు. బొబ్బల చెయ్యి రెండో చేత్తో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అమ్మగారండీ, సారేం చెప్పేరండీ ఆయనకి?"

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన నన్ను చూసి, ఊరుకోమన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఇరవై రెండేళ్లుగా ఆ తల ఊపు చూసి ఎన్నిసార్లు ఊరుకున్నానో నాకే తెలియదు. క్లినిక్‌లో పేషెంట్లతో మాట్లాడే అరబిక్ నాకు చాలు. ఇన్‌స్పెక్టర్ దగ్గరికెళ్లి చెప్పాను.

"ఈ మనిషి వద్దన్నాడు. మాకు తెలుసు. ఆ మంట నాది. లైటర్ ఇచ్చింది ఇదిగో, నా మొగుడు."

మా వాళ్లల్లో ఒక్కరూ అబద్ధమని అనలేదు. ఇన్‌స్పెక్టర్ మా ఇద్దరి సివిల్ ఐడీలూ అడిగి ఫోటో తీసుకున్నాడు. కేసు మా పేరు మీదే రాస్తానన్నాడు. అయ్యప్ప కాగితం అయ్యప్పకే ఇచ్చేసి, ఉద్యోగానికేం కాదని భుజం తట్టి అరబిక్‌లో చెప్పాడు. నీళ్లల్లో పడ్డదంతా బయటికి రావాలి, అప్పటిదాకా ఈ గేటు తియ్యడం నీ ఇష్టం, యల్లా, ఇక కానివ్వండి అని చెప్పి జీపెక్కి వెళ్లిపోయాడు.

అయ్యప్ప గేటు గడియ పెట్టాడు. మా ఆయన, నూట ఎనిమిది డొప్పలకి ఇంత రాద్ధాంతమా, పనివాళ్లని పంపిస్తాం అన్నారు. అయ్యప్ప గడియ మీద చెయ్యి తియ్యలేదు. నేను చీర దోపుకుని ముందు దిగాను. నా వెనక ఒక్కొక్కరే దిగారు. పట్టుపంచెలు, పట్టుచీరలు, మోకాళ్లలోతు నల్లటి బురద. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మమ్మ అనేది, మేం తొక్కీ కడిగీ రెండూ చేశాం. మా ఆయన అందరికన్నా చివర దిగారు. తెచ్చిన పులిహోర ఎవరూ ముట్టలేదు. ఎండ నడినెత్తి మీదికి వచ్చేసరికి నూట ఏడు లెక్క తేలాయి. నూట ఎనిమిదోది నాది. కాలిన రెల్లు మధ్య బూడిదలో దొరికింది, వత్తులు ఇంకా సగం ఉన్నాయి.

గేటు దగ్గర అయ్యప్ప లెక్క చూసుకున్నాడు. అందరి కాళ్ల వంకా చూసి, మడుగు మట్టి లోపలే దులిపి వెళ్లమన్నాడు. నేను చెప్పులు విప్పి దులిపాను. మిగిలినవాళ్లూ దులిపారు. మా ఆయన కారు తాళాలు చేత్తో ఆడిస్తూ నిలబడ్డారు.

"విప్పండి," అన్నాను. "దీవిలో విప్పారుగా."

ముప్ఫైమందీ చూస్తున్నారు. ఆయన ఒంగి బూట్లు విప్పారు. దులిపారు. తొడుక్కోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

"బోర్లించి చూపించండి. నాకు కాదు. అతనికి."

చూపించారు. అయ్యప్ప ఒక బూటు, తర్వాత రెండో బూటు, తొందరేమీ లేకుండా చూశాడు. "ఆయ్," అని తలూపి, ఎడమచేత్తో గడియ తీశాడు.