పాలు మరిపించిన ప్రయాణం

నేను ఒక నూలు చీరని. చీరనని చెప్పుకోవడం ఇప్పుడు కాస్త గొప్పకే. మిగిలిన ముక్క జేబురుమాలుకి ఎక్కువ, తువ్వాలుకి తక్కువ. వేడి గిన్నెలు దించే మసిగుడ్డగా పొయ్యిగట్టు మీద పడి ఉంటాను. అయినా ఒకప్పుడు నేను కూడా విమానం ఎక్కాను, పారిస్ వెళ్ళాను. ఈ మాట పక్కనున్న అట్లకాడకి చెబితే నమ్మలేదు. మీరైనా నమ్ముతారని చెబుతున్నాను.

నేను పుట్టింది కోనసీమలో, బండారులంకలో, ఒక గుంటమగ్గం మీద. నన్ను నేసినాయనకి దగ్గు. దగ్గు వచ్చినప్పుడల్లా చెయ్యి ఆగేది. అందుకే నా అంచు దగ్గర అక్కడక్కడా నేత కొంచెం వదులు. ఆయన భార్య ఒళ్ళో పిల్లాడికి పాలిస్తూనే రాట్నం తిప్పి నూలు చుట్టేది. లేత ఆకుపచ్చ ఒళ్ళు, ముదురెరుపు అంచు నాది. గంజి పెట్టి మడిచినప్పుడు పెళపెళలాడేదాన్ని. నన్ను చూసుకుని నాకే మురిపెంగా ఉండేది.

అంబాజీపేట సూర్యావతి నన్ను కొనుక్కుంది. మనుషులు చిత్రమైనవాళ్ళు. కొత్త చీరని బీరువాలో దాస్తారు, అది పాతబడి మెత్తబడ్డాక గానీ దాని మీద ప్రేమ పుట్టదు. పెళ్ళిళ్ళకి పట్టుచీరలు కావాలి. జ్వరం వచ్చినా, పురుడొచ్చినా, ఏడుపొచ్చినా మాలాంటివాళ్ళమే కావాలి. సూర్యావతి కట్టి కట్టి, ఉతికి ఉతికి నా బిరుసంతా పోగొట్టింది. ఆమె కూతురు లోవకుమారి పురిటికి వచ్చినప్పుడు, "ఇంతకంటే మెత్తటిది మనింట్లో లేదే" అంటూ నన్ను తీసి దూలానికి ఉయ్యాల కట్టింది.

ఆ ఉయ్యాల్లో మోక్షిత పెరిగింది. ఆముదం, సాంబ్రాణి పొగ, పాలు, పిల్ల చెమట, అన్నీ కలిసి నాకొక వాసన వచ్చింది. లోవ తీరు ఏం చెప్పమంటారు! పిల్ల నిద్రపోతే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. పిల్ల లేస్తే, ఎందుకు లేచిందో, ఏం నొప్పో అని హడలిపోయేది. పాలిచ్చే ఆ కాసేపే ఆమె ముఖం కుదుటపడేది. ఆ కాసేపు ఆమెకి ఏ భయమూ ఉండేది కాదు.

లోవ భర్త మణికంఠకి రావులపాలెంలో సిమెంటు, ఇనుము కొట్టు. మంచివాడు, మాట మాత్రం గట్టి. ఆ ఏడు కొట్టులో అమ్మకాలు బాగా సాగాయని సిమెంటు కంపెనీవాళ్ళు డీలర్లతో పాటు అతన్నీ యూరప్ తీసుకెళ్తామన్నారు. భార్యాభర్తలకే చోటు, పిల్లలకి లేదు. మోక్షితకి అప్పటికి ఏడాదిన్నర, ఇంకా తల్లిపాలే.

"నేను రానండీ," అంది లోవ.

"నువ్వు రాకపోతే గదిలో రెండో మంచం మీద సిమెంటు బస్తాని పడుకోబెట్టుకోనా?" అన్నాడు మణికంఠ.

సూర్యావతి కల్పించుకుంది. "ఎల్లవే! ఎలాగూ పిల్లకి పాలు మరిపించాలి. వేపాకు రాస్తే మానలేదు, కాకరకాయ రాస్తే సప్పరించేసింది. నువ్వు కంటికి కనపడకపోతే అదే మర్సిపోద్ది. నీ ఒళ్ళు సూసుకో, ఎలా గుల్లయిపోయిందో!"

మా వైపు పాలు మాన్పించడాన్ని పాలు మరిపించడం అంటారు. మరవాల్సింది పాలనే, అమ్మని కాదు అని ఏడాదిన్నర పిల్లకి ఎవరు విడమరిచి చెబుతారు? గుడ్డపీలికని నాకొచ్చిన ఈ సందేహం ఆ ఇంట్లో లోవకి తప్ప ఎవరికీ రాలేదు. ఆమెకి ప్రతిదానికీ సందేహమే కనక ఈ సందేహాన్ని కూడా ఎవరూ లెక్కచెయ్యలేదు.

పిల్ల మధ్యాహ్నం నిద్రలో ఉండగా బయల్దేరారు. లోవ ఆ పొద్దున్నే నన్ను ఉయ్యాల నుంచి విప్పి వేరే చీర కట్టింది. పిల్ల వాసన ఉంటుందని నన్ను పెట్టెలో పచ్చడి పొట్లాల పక్కన కుక్కుకుంది. బయల్దేరే ముందు ఉయ్యాల మీదకి వంగి పిల్ల చెవిలో, "పది రోజులే బంగారం. నీ పాలు నీకే ఉంచుతాను. వచ్చాక మళ్ళీ ఇస్తాను," అంది. గుమ్మం దగ్గర సూర్యావతి మరో మాట కూడా చెప్పింది. "ఫోన్లో మొకం సూపించకే. సూసిందంటే మళ్ళీ మొదటికొస్తాది."

ఆ ఊళ్ళ గురించి నన్నేమీ అడగకండి. నాకు తెలిసినవి అక్కడి స్నానాలగదులే. పారిస్‌లో మొదటి రోజుకే లోవ రొమ్ములు రాళ్ళయిపోయాయి. అందరూ బస్సు దిగి ఫోటోలకి పరిగెడితే ఆమె నన్ను మడిచి శాలువా కింద గుండెలకి అదుముకుని, ఆడవాళ్ళ గది వెతుక్కుంటూ పోయేది. తలుపు గడియ పెట్టుకుని, పంటిబిగువున పాలు పిండి తొట్లో పారబోసేది. పోసిన ప్రతిసారీ అన్నం పారబోసినట్టు, "అయ్యో" అని చెంపలేసుకునేది. పిండకపోతే ఇంకిపోతాయి, ఇంకిపోతే పిల్లకి ఉండవు. ఆమె లెక్క అదొక్కటే.

బయట మణికంఠ తలుపు కొట్టేవాడు. "ఏవే, బస్సెల్లిపోద్ది! నిన్న తిన్న ఆ సేమ్యాల్లాంటిది పడలేదా ఏంటి?"

"ఆ, పడలేదండీ," అనేది లోవ.

సంగతి కనిపెట్టింది పిఠాపురం డీలరు గారి భార్య చక్రవేణి ఒక్కతే. బస్సులో పక్కన కూర్చుని గుసగుసగా, "ఎందుకే అమ్మా ఈ అవస్థ? రొమ్ములకి మల్లెపూలు కట్టుకో, పాలు ఇట్టే ఇంకిపోతాయి," అంది.

"ఇక్కడ మల్లెపూలు ఎక్కడివండీ?"

"అదే నేనూ సూత్తన్నాను. ఇంత పెద్ద ఊరు, తల్లో పెట్టుకోడానికి మూరెడు పూలు లేవు. పేరు గొప్ప ఊరు దిబ్బ!"

లోవ నవ్వింది. ఆ దేశంలో మల్లెపూలు లేనందుకు సంతోషించిన మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

స్విట్జర్లాండ్‌లో మంచుకొండ మీదకి తీసుకెళ్ళారు. అక్కడ ఆడవాళ్ళ గది ముందు పెద్ద బారు. నొప్పికి ఆగలేక లోవ ఒక చెక్కగోడ వెనక్కి వెళ్ళి, శాలువా కప్పుకుని, మంచులోకే పిండింది. తెలుపు మీద తెలుపు. ఏమీ కనపడలేదు. కాసేపు అక్కడే నిలబడి ఆ చోటు వైపు చూసింది. అవతల మణికంఠ మంచు ముద్ద చేసి తోటి డీలరు మీద విసిరి పకపకా నవ్వుతున్నాడు. అతని తప్పేముంది? చెబితే కదా తెలిసేది. చెబితే, "అదేంటే, మరిపించాలనే కదా వచ్చాం" అంటాడని ఆమె భయం.

ఇక రేపు తిరుగు ప్రయాణం అనగా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మణికంఠ మేనత్త కొడుకు ఫణీంద్ర ఫోన్ చేశాడు. "ఇంత దూరం వచ్చి మా ఇంటికి రాకుండా ఎల్తావేంట్రా బావా? వీసా ఉందిగా, నెల్లాళ్ళు ఉండి ఎల్లండి!"

మణికంఠ ముఖం వెలిగిపోయింది. "ఇలాంటి యోగం మళ్ళీ ఎప్పుడు పడుద్ది లోవా? మా అమ్మ ఎప్పుడైనా రాజమండ్రి దాటిందా?"

"పిల్ల..." అంది లోవ.

అతను వెంటనే అత్తగారికి ఫోన్ కలిపి లోవ చెవి దగ్గర పెట్టాడు. అవతల సూర్యావతి గొంతు ఖంగుమంది. "ఉండండి బాబూ, ఉండండి! పిల్ల బంగారంలా ఉంది. సీసా పట్టుకుని గటగటా తాగేత్తంది. ఇంకొన్నాళ్ళు ఆగారంటే పూర్తిగా మర్సిపోద్ది!"

లోవ నోరు తెరిచింది. ఏదో అంటుందని నేను ఎదురుచూశాను. "సరే" అంది. ఆ రెండక్షరాలూ ఎలా వచ్చాయో ఆమెకే తెలియదు. పెట్టెలోంచి నేను వద్దు వద్దని అరిచాను. గుడ్డ అరిస్తే ఎవరికి వినపడుతుంది?

ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాళ్ళు బాగా చూసుకున్నారు. ఫణీంద్ర భార్య మరీ మంచిది. ఒకరోజు నన్ను చూసి, పాపం పులిసిన వాసనొస్తోందని వాషింగ్ మెషిన్లో వేసి, ఏదో పువ్వుల మందు పోసి ఉతికి, మడిచి పెట్టింది. లోవ వచ్చి నన్ను ముఖానికి హత్తుకుంది. ఒకసారి పీల్చింది. మడత విప్పి మళ్ళీ పీల్చింది. అంచు అంతా వెతికింది. ఆ తర్వాత నేల మీద కూలబడిపోయింది. "ఏమైంది వదినా?" అని ఆ అమ్మాయి కంగారుగా అడిగితే, "ఏం లేదమ్మా, ఎంత శుభ్రంగా ఉతికావో అని చూస్తున్నాను," అంది.

పాలు తగ్గుతూ వచ్చాయి. అయినా ఆమె వదల్లేదు. కళ్ళు మూసుకుని పిల్ల ముఖం తలుచుకుంటే నాలుగు చుక్కలు దిగేవి. అలా తలుచుకునే పాలని బతికించింది. ఒకరోజు కళ్ళు మూసుకుంటే ఆ ముఖం సరిగ్గా రాలేదు. ముక్కు వస్తే కళ్ళు రాలేదు, కళ్ళు వస్తే నవ్వు రాలేదు. తల్లికి ఫోన్ చేసి, "నిద్రపోతున్నప్పుడైనా ఒక్క ఫోటో తీసి పంపమ్మా," అని బతిమాలింది. వచ్చిన ఫోటోలో పిల్ల అటు తిరిగి పడుకుని ఉంది. మెడ మీద చెమట, కొత్తగా కొన్న గౌను. ఆ వీపుని చూసుకుంటూనే మిగతా రోజులు పిండుకుంది.

తిరుగు ప్రయాణంలో విమానంలో ఆమె తినలేదు, పడుకోలేదు. హైదరాబాదులో దిగారు, రైలెక్కి రాజమండ్రి చేరారు, అక్కణ్ణుంచి కారు. కొబ్బరితోటలు కనపడేసరికి ఆమె రవిక దానంతటదే తడిసిపోయింది. నన్ను అదుముకుని గట్టిగా నవ్వేసింది. "ఏవండీ, ఉన్నాయండీ!"

"ఏంటి? పాస్‌పోర్టులేనా?" అన్నాడు మణికంఠ జేబులు తడుముకుంటూ.

సూర్యావతి పిల్లని చంకనేసుకుని వీధరుగు మీద ఎదురుచూస్తోంది. "ఎవరొచ్చారో సూడు! ఎవరే? సెప్పు!" పిల్ల లోవ వైపు చూసింది, పెట్టె చక్రాల వైపు చూసింది. ఇంటికొచ్చిన ఆడవాళ్ళని ఏమని పిలవాలో ఆ నెల్లాళ్ళలో నేర్పారు.

"అత్త," అంది.

అందరూ ఫక్కున నవ్వారు. "అత్తంట! నిన్ను పట్టుకుని అత్తంటందే!" అని సూర్యావతి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. లోవ కూడా నవ్వింది.

భోజనాలయ్యాక పిల్లని తీసుకుని పెరటివైపు గదిలో పక్కన పడుకోబెట్టుకుంది. రవిక ముడి విప్పింది. పిల్ల ఏడవలేదు, తోసెయ్యలేదు. ఏడిస్తే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. వింత వస్తువుని చూసినట్టు చూసింది. ఒక్క వేలితో తాకింది. తడిసిన వేలిని నాకు రాసి తుడుచుకుంది. మంచం దిగి, గుమ్మం దాకా తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి, "అమ్మమ్మా, పాలు," అని కేక పెట్టింది.

సూర్యావతి సీసా తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది. "సెప్పానా! పూర్తిగా మర్సిపోయింది. ఇంక నీకే బాధా లేదు తల్లీ," అని కూతురి తల నిమిరింది. ఆ మాటలో దిష్టి తీసినంత ప్రేమ ఉంది. లోవ గోడవైపు తిరిగి పడుకుంది. పాలు కారుతూనే ఉన్నాయి. అన్ని దేశాల్లో అడిగి అడిగి పిండుకున్న పాలు అడగకుండానే వచ్చి నన్ను తడిపేశాయి. రెండు మూడు రోజులకి అవీ ఆగిపోయాయి.

పిల్లలది మెత్తటి మనసు. ఎక్కువ రోజులు పట్టలేదు, మోక్షిత మళ్ళీ అమ్మా అంటూ కొంగు పట్టుకుని తిరిగింది. ఎవరైనా యూరప్ ఎలా ఉందని అడిగితే లోవ "చాలా బాగుందండీ" అనేది. నేను ఒకచోట చిరిగాను, తర్వాత ఇంకోచోట. కొంత ఇల్లు తుడవడానికి పోయింది, కొంత కొట్టులో ఇనుపచువ్వల తుప్పుకి పోయింది. మిగిలింది ఇదిగో, ఈ ముక్క.

మొన్నొకరోజు, బడి నుంచి వచ్చిన మోక్షిత హాల్లో మణికంఠ పటాలు కట్టించి పెట్టిన యూరప్ ఫోటోల ముందు నిలబడి కేకేసింది. "అమ్మా, అన్నిట్లోనూ చేతులిలా గుండెల మీద కట్టేసుకున్నావేంటే? చలేసిందా?"

లోవ అప్పుడు నన్ను పట్టుకుని పొయ్యి మీద నుంచి పాలగిన్నె దించుతోంది. "అవునమ్మా. బాగా చలి."

"మరి నన్నెందుకు తీసుకెళ్ళలేదు?"

"నీకు చలేస్తుందని."

గిన్నె వేడి నాలోంచి దిగి ఆమె వేళ్ళకి తగులుతోంది. ఆమె ఇంకా గిన్నె కింద పెట్టలేదు.